రాజ్‌దూత్ 350 – ఇంధన వ్యయం

గుండ్లపోచంపల్లి నుండి కొంపల్లి మీదుగా నిత్యం సికింద్రాబాదుకు వెళ్లివచ్చే ఉద్యోగి మోటారు సైకిలు కొనేముందు మొదట అడిగేది మైలేజీ. 1983లో మన దేశంలో వెలువడిన రాజ్‌దూత్ 350 ఈ ప్రశ్నవద్దనే తడబడింది.

యమహా రూపకల్పన ఆధారంగా ఎస్కార్ట్స్ సంస్థ తయారుచేసిన ఆ వాహనానిది రెండు సిలిండర్ల, 347 సి.సి. టూ స్ట్రోక్ ఇంజను. అట్టి ఇంజనులో కాలిన వాయువు వెలుపలికి పోయే ద్వారమూ, కొత్త ఇంధన మిశ్రమం లోనికి వచ్చే ద్వారమూ కొంతసేపు ఒకేమారు తెరచి ఉంటాయి. అందుచేత పొగతోపాటు కాలని పెట్రోలు సైతం కొంత బయటికి పోతుంది. చిల్లికుండతో నీళ్లు మోసినట్లే! పైగా ఒక సిలిండరు ఇంజనుకంటె ఇందులో రాపిడికి లోనయ్యే భాగాలెక్కువ. ఆగుతూ సాగుతూ పోయే నగరపు రద్దీలో ఆ శక్తి అక్కరకు రాదు. ఖర్చు మాత్రం తప్పదు.

మైలేజీ పెంచడానికి తయారీదారులు శక్తి తగ్గించిన రకాన్ని కూడ విడుదల చేశారు. వేగమే ప్రాణమైన బండికి వేగాన్నే కోసివేయవలసి వచ్చింది. ఇంతలో 1985లో, లీటరుకు 80 కిలోమీటర్లనే ప్రకటనతో, ఫోర్ స్ట్రోక్ ఇంజనుగల హీరో హోండా సి.డి. 100 వచ్చింది. మధ్యతరగతి అటు మొగ్గింది. 1990 నాటికి రాజ్‌దూత్ 350 ఉత్పత్తి ముగిసింది. నేడు దానిని వెదకి కొనే పాతబండ్ల ప్రియులు మైలేజీ ఊసెత్తరు.