ఒకే తీగ – నాలుగు కంప్యూటర్లు

భారతదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ సామాన్య ప్రజలకు అంతర్జాల సేవను అందుబాటులోకి తెచ్చింది. తొలినాళ్లలో ఇంటికైనా, నెట్ సెంటరుకైనా టెలిఫోను తీగే ఆధారం. కంప్యూటరు సంకేతాలను ఆ తీగపై ప్రయాణించగల ధ్వనులుగా మోడెం మార్చేది. కీచుమని మొదలయ్యే ఆ ధ్వని ఆ తరానికి సుపరిచితం.

నాలుగు కంప్యూటర్లకు నాలుగు ఫోన్లు పెట్టించడం చిన్న యజమానికి తలకు మించిన భారం. కాల్ ఛార్జీలు అదనం. అందువల్ల మోడెం ఉన్న కంప్యూటరుకు తక్కినవాటిని హబ్ ద్వారా కలిపేవారు. 1999లో వచ్చిన విండోస్ 98 రెండవ కూర్పులోనే ఇందుకు కావలసిన సదుపాయం చేరింది. బయటి ప్రపంచానికి ఒక్క చిరునామాయే కనిపిస్తుంది. ఏ కంప్యూటరు ఏమి కోరిందో మొదటి కంప్యూటరు ద్వారపాలకునివలె గుర్తుంచుకొని, వచ్చిన సమాధానాన్ని కోరినవారికే చేరవేస్తుంది.

అయితే పంచుకొన్నంత మాత్రాన తీగ సామర్థ్యం పెరగదు. సెకనుకు 56 కిలోబిట్లు, అనగా 7 కిలోబైట్లు గరిష్ఠ వేగం. ఆచరణలో అదీ దక్కేది కాదు. ఒకరు పాటను దింపుకొంటుంటే, పరీక్షా ఫలితం కోసం వచ్చిన విద్యార్థి పక్కనే ఖాళీ తెరను చూస్తూ కూర్చోవలసి వచ్చేది. గంట లెక్కన రుసుము మాత్రం ఇద్దరికీ సమానమే. మొదటి కంప్యూటరును పొరపాటున ఎవరైనా ఆపివేస్తే నలుగురి పనీ ఒక్కసారిగా నిలిచిపోయేది.