గూడెం మీద పడ్డ నేరం

చి. మనవరాలికి,

వలస వచ్చినవాళ్లు స్థానికుల్లో కలిసిపోవడంలో జాతి పాత్ర గురించి వ్యాసం రాయమన్నారన్నావు. అమెరికా సంగతులు చదువు, మంచిదే. భారతదేశం నుంచి వెళ్లిన భగత్ సింగ్ థింద్ ఆ దేశపు సైన్యంలో పనిచేశాడు. అయినా తెల్లవాడు కాదంటూ 1923లో అక్కడి సుప్రీంకోర్టు పౌరసత్వం కాదన్నది. భారతీయులకు ఆ హక్కు 1946లో గానీ రాలేదు. కానీ అంతదూరం వెళ్లేముందు మన భద్రాచలం అడవి వైపు ఒకసారి చూడు.

2005లో మావోయిస్టు వ్యతిరేక సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు నుంచి వేలమంది ప్రాణాలు అరచేత పట్టుకుని ఇటు వచ్చారు. మనం గుత్తికోయలంటున్నది వాళ్లనే. మిరపకోతలకు వాళ్లు కావాలి. ఇక్కడి కోయలకు భాషలో, ఆచారంలో వాళ్లకన్నా దగ్గరివాళ్లు లేరు. అయినా పరాయివాళ్లే. ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి. అక్కడి హోదా ఇక్కడికి వెంట రాదు. అటవీ హక్కుల చట్టమేమో 2005 డిసెంబరు 13 నాటికే భూమి వాళ్ల చేతిలో ఉండాలంటుంది. తరవాత వచ్చినవాళ్ల పోడు ఆక్రమణ కింద లెక్క.

అదే అశ్వారావుపేట, దమ్మపేటల్లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లను చూడు. కోయభాష నేర్చుకోలేదు, నేర్చుకోవాల్సిన అవసరమూ పడలేదు. బడిలో, బజారులో, తహసీల్దారు ఆఫీసులో నడిచేది వాళ్ల తెలుగే. మారాల్సి వచ్చింది కోయపిల్లలే. కలిసిపోవడమంటే వచ్చినవాడు మారడమేనని పుస్తకాలు చెబితే వెంటనే నమ్మకు.

2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారిని పోడు గొడవలో ఒకరిద్దరు గుత్తికోయలు నరికి చంపారు. ఘోరమే, అందులో రెండో మాట లేదు. ఆ తరవాత అక్కడి గ్రామపంచాయతీ గుత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్ పంపేయాలని తీర్మానం చేసింది. కోస్తా నుంచి వచ్చిన ఒకడు హత్య చేస్తే, కోస్తావాళ్లందర్నీ వెళ్లగొట్టాలని ఏ పంచాయతీ అయినా తీర్మానిస్తుందా? ఒకరిద్దరి నేరం గూడెం మొత్తానికి అంటగట్టడం ఎవరి విషయంలో సులువో గమనించు. జాతి పనిచేసేది అక్కడే. ఒంటిరంగు తేడా లేనిచోటా పనిచేస్తుంది.

కాబట్టి వలస వచ్చినవాళ్లు ఎంత మారారని కొలిచేముందు, భూమి పట్టా, కుల ధ్రువపత్రం ఎవరి చేతిలో ఉన్నాయో రాయి. తక్కినది దాన్నిబట్టే తేలుతుంది.

ఇట్లు,
తాతయ్య