పదచ్ఛేదం – కంప్యూటరు

తూర్పు కనుమలలోని అనంతగిరికి విహారయాత్ర చేసిన విద్యార్థి ఒకడు తన అనుభవాన్ని కంప్యూటరులో ఇలా టైపు చేశాడనుకుందాం: "బొర్రా గుహలు చూచి మేమనంతగిరికేగితిమి."

ఖాళీ ఉన్న ప్రతిచోటా వాక్యాన్ని విడగొట్టే ప్రోగ్రాముకు ఇందులో నాలుగు పదాలే దొరుకుతాయి. చివరిదానిలో నిజానికి మూడున్నాయి: మేము, అనంతగిరికి, ఏగితిమి. తరువాత 'అనంతగిరికి' అని పూర్తిపదంగా వెదికితే ఈ వాక్యం చిక్కదు. చూసి వచ్చిన ఊరే కనబడకుండా పోతుంది!

సంధి జరిగినచోట విడదీయడం తేలిక కాదు. ఉత్వసంధి వల్ల 'మేము'లోని ఉకారం, ఇత్వసంధి వల్ల 'కి'లోని ఇకారం లోపించాయి. వాటిని తిరిగి చేర్చాలి. 'కొండెక్కితిమి'లో లోపించినది అకారం. ఏ అచ్చు పోయిందో మిగిలిన అక్షరం చెప్పదు. పైగా చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం 'కి' మీది సంధి వైకల్పికం. ద్రుతం నిలిచిన 'అనంతగిరికి నేగితిమి' కూడా సాధురూపమే. అక్కడ ఖాళీ ఉన్నా ప్రోగ్రాముకు దక్కేది 'నేగితిమి' అనే, ఏ ధాతువుకూ చెందని ముక్క.

కనుక ముందు ఖాళీల వద్ద విడగొట్టి, నిఘంటువుకు అందని ముక్కలకు మాత్రమే సంధిసూత్రాలను వెనుక నుండి అన్వయించి, వచ్చిన రూపాలను మళ్ళీ నిఘంటువుతో సరిచూడాలి. 'దీపం కొండెక్కింది' అన్నచోట మాత్రం కొండను విడదీస్తే అర్థమే చెడుతుంది.