మూడు తీగల మీద మాట

కంప్యూటరుతో మాట్లాడాలంటే ఏమేమి కావాలి? రంగుల తెర, మౌసు, ఇంటర్నెట్టు అని మీరు వెంటనే చెబుతారు. కాని మూడు తీగలు చాలు. ఒకటి మన మాట పంపటానికి, ఒకటి దాని జవాబు వినటానికి, మూడవది రెండు వైపులకూ ఉమ్మడిగా ఉండే గ్రౌండు తీగ. పెద్ద పెద్ద కంప్యూటర్లు మొరాయించినప్పుడు నేటికీ ఇంజనీర్లకు అక్కరకు వచ్చేది ఈ తీగలే.

1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ వ్యవస్థను తయారుచేయటం మొదలుపెట్టారు. అప్పట్లో కంప్యూటరుకు ఆజ్ఞలివ్వటానికి టెలిటైపు అనే యంత్రాన్ని వాడేవారు. ఒకప్పుడు మన పత్రికా కార్యాలయాల్లో టకటకలాడుతూ వార్తలు అచ్చువేసిన టెలిప్రింటరు కూడా ఈ జాతిదే. మీట నొక్కితే అక్షరం తీగ మీదుగా కంప్యూటరుకు చేరేది. జవాబు కాగితం చుట్ట మీద అచ్చయ్యేది, అదీ సెకనుకు 10 అక్షరాల చొప్పున! టెలిటైపును పొట్టిగా ‘టిటివై’ అనేవారు. యంత్రం మూలపడినా పేరు పోలేదు. ఈనాటి లైనక్స్ కంప్యూటరులో టిటివై అని టైపు చేస్తే, మీరు ఏ టెర్మినల్ దగ్గర ఉన్నారో అది చెబుతుంది.

ఒక్క తీగ మీద అక్షరం ఎలా వెళుతుంది? ఇది కాస్త నిదానంగా చదవండి.

‘ఎ’ అనే ఇంగ్లీషు పెద్దక్షరానికి సంకేతసంఖ్య 65. దీన్ని ఎనిమిది బైనరీ అంకెలతో రాస్తే 01000001 అవుతుంది. ఎనిమిది అంకెలకు ఎనిమిది తీగలు వేయవచ్చు, కాని ఖర్చు. అందుకని అంకెలను వరుసగా, ఒకదాని వెనుక ఒకటి పంపుతారు. సీరియల్ అనే పేరు ఇందువల్లనే వచ్చింది. మాట లేనప్పుడు తీగ ‘1’ స్థితిలో ఊరకుంటుంది. అక్షరం మొదలయ్యే ముందు ఒకసారి ‘0’ స్థితికి వస్తుంది. దీన్ని స్టార్ట్ బిట్టు అంటారు. తరువాత ఎనిమిది అంకెలు, కుడి చివరి అంకెతో మొదలై వెళతాయి. చివర ఒక ‘1’ స్టాప్ బిట్టుగా వస్తుంది. వెరసి అక్షరానికి పది బిట్లు.

రెండు వైపులకూ ఉమ్మడి గడియారం లేదు. మరి ఏ అంకె ఎప్పుడు వస్తుందో అవతలివైపుకు ఎలా తెలుస్తుంది? వేగం ముందే ఒప్పందం చేసుకుంటారు. సెకనుకు 9600 బిట్లు అనుకుంటే ఒక్కొక్క బిట్టుకు దాదాపు 104 మైక్రోసెకన్లు. స్టార్ట్ బిట్టు రాగానే వినేవైపు తన గడియారాన్ని మొదలుపెట్టి, ప్రతి బిట్టునూ దాని నడిమధ్యన చూస్తుంది. రెండు గడియారాల మధ్య తేడా నూటికి 5 దాటితే, పదవ బిట్టు దగ్గరకు వచ్చేసరికి గురి తప్పి పక్క బిట్టు మీద పడుతుంది. అప్పుడు తెర మీద పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. అలాంటప్పుడు తీగ తెగిందని కంగారుపడకుండా ముందు వేగం సరిచూడాలి.

తెర ఉన్న కంప్యూటరుకు ఈ తీగలు కూడా అక్కరలేదు. ఒకే తెర, ఒకే కీబోర్డు మీద లైనక్స్ అనేక టెర్మినళ్ళను సృష్టిస్తుంది. ఇవే వర్చువల్ టెర్మినళ్ళు. బొమ్మల తెర బిగుసుకుపోయిందనుకోండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే సాధారణంగా నల్లని తెర వచ్చి పేరు, సంకేతపదం అడుగుతుంది. లోపలికి వెళ్ళి, మొండికేసిన ప్రోగ్రామును వెతికి ఆపేయవచ్చు. చాలామంది విద్యార్థులు ఇది తెలియక కరెంటు స్విచ్చి ఆపేస్తారు. రాసుకున్నదంతా పోతుంది! అయితే వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నల్ స్తంభిస్తే ఈ మార్గమూ పనిచేయదు.

సర్వర్లు ఉండే గదుల్లో యంత్రాలకు సాధారణంగా తెరా ఉండదు, కీబోర్డూ ఉండదు. ఎక్కడో దూరాన ఉన్న ఇంజనీరు నెట్‌వర్కు ద్వారానే వాటిని నడుపుతాడు. అతడు పొరపాటున ఆ నెట్‌వర్కునే ఆపే ఆజ్ఞ ఇచ్చాడనుకోండి. కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే! 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌కు ఇలాంటి గతే పట్టింది. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆజ్ఞ వల్ల ఆ సంస్థ డేటా కేంద్రాలను కలిపే నెట్‌వర్కు మొత్తం తెగిపోయింది. ఇలాంటి ఆపదకోసం ఉంచుకున్న వేరు దారి కూడా పనిచేయలేదు. ఇంజనీర్లు స్వయంగా ఆ కేంద్రాలకు వెళ్ళవలసి వచ్చింది. సుమారు ఆరు గంటలపాటు ఫేస్‌బుక్, వాట్సాప్ మూగపోయాయి.

అటువంటి వేరు దారుల్లో పాతది, నమ్మకమైనది సీరియల్ కన్సోలు. దానికి నెట్‌వర్కుతో పని లేదు. అలా ఏర్పాటు చేసుకుంటే కంప్యూటరు మేలుకొనేటప్పటి సందేశాలు మొదలు, కెర్నల్ కూలిపోతూ పలికే చివరి మాటల వరకు ఆ తీగ మీదికి వస్తాయి. జబ్బు ఏమిటో తెలియటానికి ఆ చివరి మాటలే ఆధారం.

రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు దొరికితే మీరూ ప్రయత్నించవచ్చు. దానిలో 6వ పిన్ను గ్రౌండు, 8వది పంపేది, 10వది వినేది. పంపేదాన్ని అవతలి వినేదానికి కలపాలి, పంపేదానికి కాదు. ఇంకొక్క జాగ్రత్త. పాత ఆర్.ఎస్.232 పద్ధతిలో ‘0’కు +3 నుంచి +15 వోల్టులు, ‘1’కి -3 నుంచి -15 వోల్టులు ఉంటాయి. పై పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవు. నేరుగా కలిపితే కాలిపోతాయి. 3.3 వోల్టుల యు.ఎస్.బి. సీరియల్ కేబులు అడిగి కొనండి.

అన్నట్టు, 80 అక్షరాల వరుసలు 24 ఉన్న తెర నిండటానికి 9600 వేగంలో 2 సెకన్లు పడుతుంది. టెలిటైపు అయితే మూడు నిమిషాల పైమాటే. మరి 115200 వేగంలో ఎంతసేపో మీరే లెక్కకట్టండి.