‘నాకు కష్టంగా ఉంది’ – ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

మనం ఉంటున్న గార్డెన్ రీచ్ ఆగ్నేయ రైల్వేకు ప్రధాన కేంద్రం. అంతకుముందు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్యాలయం కూడా ఇక్కడే ఉండేది. 2003 వరకు వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వేలోనే ఉండటంతో మన వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఉద్యోగరీత్యా ఇటు వచ్చాయి. ఇలా బదిలీల మీద ఊళ్లు మారే ఇళ్లలో పుట్టిన మనకు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, ఆటస్థలంలో హిందీ, తరగతిలో ఇంగ్లీషు అలవాటే.

కొత్త బడిలో చేరగానే మన పేరు, నాన్నగారి ఉద్యోగం ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పేస్తాం. కానీ నాలుగు రోజులు గడిచాక అసలు అవసరమయ్యే వాక్యం వేరు. అది “ఇది నాకు కష్టంగా ఉంది” అన్న వాక్యం. దాన్ని సరిగా చెప్పగలిగితే టీచరుగారు సాయం చేస్తారు. చెప్పలేకపోతే మనం చదవలేదనో, శ్రద్ధ లేదనో అనుకునే ప్రమాదం ఉంది. అందుకే ఈసారి ఈ ఒక్క వాక్యాన్నే పాఠంగా తీసుకుందాం.

‘నాకు’ ఎక్కడికి పోయింది?

తెలుగులో ఆకలి, జలుబు, కోపం అన్నీ మన దగ్గరికి వస్తాయి. నాకు ఆకలేస్తోంది, నాకు జలుబు చేసింది, నాకు కోపం వచ్చింది అంటాం. కష్టం కూడా అంతే: “నాకు ఈ పాఠం కష్టంగా ఉంది.” హిందీలోనూ “ముఝే యహ్ పాఠ్ కఠిన్ లగ్‌తా హై” అంటారు. ముఝే అంటే నాకు. బెంగాలీ స్నేహితులు “ఆమార్” అని మొదలుపెడతారు. ఆ మాటకు అసలు అర్థం ‘నా యొక్క’. ఈ మూడు భాషల్లోనూ ‘నేను’ అనే మాట ముందుకు రాదు.

ఇంగ్లీషు అలా కాదు. చాలా వాక్యాల్లో ‘ఐ’ ముందుకొచ్చి కూర్చుంటుంది. అందుకే మనలో చాలామంది ‘నాకు’ స్థానంలో ‘ఐ’ పెట్టి, ‘ఉంది’ స్థానంలో ‘యామ్’ పెట్టి, “ఐ యామ్ డిఫికల్ట్ టు అండర్‌స్టాండ్ దిస్” అనేస్తారు. “ఐ యామ్ డిఫికల్ట్” అంటే “నాతో వేగడం కష్టం” అని అర్థం. “ఐ యామ్ డిఫికల్ట్ టు అండర్‌స్టాండ్” అంటే “నన్ను అర్థం చేసుకోవడం ఇతరులకు కష్టం” అని. మనం పాఠం గురించి చెప్పబోయి మన స్వభావం గురించి చెప్పినట్టు అవుతుంది! మరి ఎలా చెప్పాలి? ముఖ్యంగా మూడు పద్ధతులు ఉన్నాయి.

మొదటి పద్ధతి: ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మి టు...

ఇది మన తెలుగుకు దగ్గరగా ఉంటుంది. ‘ఫర్ మి’ అంటే నాకు. “ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మి టు కమ్ ఎర్లీ” అంటే “నాకు త్వరగా రావడం కష్టం.” తప్పు లేదు, భయం లేకుండా వాడవచ్చు.

రెండో పద్ధతి: ఐ ఫైండ్ ఇట్ డిఫికల్ట్ టు...

ఇంగ్లీషు మాట్లాడేవారు ఎక్కువగా వాడే వాక్యాల్లో ఇదొకటి. ఇక్కడ ‘ఫైండ్’ అంటే పోయిన వస్తువును వెతికి పట్టుకోవడం కాదు. “చేసి చూశాను, కష్టమని తేలింది” అన్న భావం. “ఐ ఫైండ్ ఇట్ డిఫికల్ట్ టు రిమెంబర్ డేట్స్” అంటే “తేదీలు గుర్తుపెట్టుకోవడం నాకు కష్టంగా ఉంటుంది.”

మధ్యలో ఆ ‘ఇట్’ ఎందుకు? రైల్లో జనరల్ పెట్టె ఎక్కినప్పుడు సీటు మీద తువ్వాలు వేస్తారు కదా! అసలు మనిషి వెనక వస్తున్నాడని ఆ తువ్వాలు చెబుతుంది. ‘ఇట్’ అలాంటి తువ్వాలే. వెనక వచ్చే “టు రిమెంబర్ డేట్స్” కోసం అది చోటు ఆపుతుంది. కాబట్టి “ఐ ఫైండ్ డిఫికల్ట్ టు రిమెంబర్” అనడం తప్పు. అదే “ఐ ఫైండ్ మ్యాథ్స్ డిఫికల్ట్” అన్నప్పుడు సీట్లో ‘మ్యాథ్స్’ ముందే కూర్చుంది. ఇక తువ్వాలుతో పని లేదు.

మూడో పద్ధతి: ఐ హావ్ ట్రబుల్...

‘ట్రబుల్’ లేదా ‘డిఫికల్టీ’ తర్వాత పని గురించి చెప్పాలంటే ‘ఇంగ్’ రూపం రావాలి. “ఐ హావ్ ట్రబుల్ రీడింగ్ స్మాల్ లెటర్స్” సరైనది. “ఐ హావ్ ట్రబుల్ టు రీడ్” సరి కాదు. వస్తువో విషయమో అయితే ‘విత్’ పెట్టాలి: “ఐ హావ్ ట్రబుల్ విత్ ఫ్రాక్షన్స్.” ఎప్పుడూ ఉండే ఇబ్బంది అయితే “ఐ హావ్”, ఇప్పుడు ఈ క్షణాన ఉన్న ఇబ్బంది అయితే “ఐ యామ్ హావింగ్” అనాలి. మనలో కొందరు వాడే “ఐ ఫీల్ డిఫికల్టీ” బదులు ఇదే వాడుకోవాలి.

‘ఐ కాంట్’ అనే ముందు ఆలోచిద్దాం

తెలుగులో “చదవడం రాదు”, “చదవలేను”, “చదవడం కష్టంగా ఉంది”, “చదవబుద్ధి కావడం లేదు” అన్నవి నాలుగు వేరు వేరు సంగతులు. ఇంట్లో వీటిని మనం ఎప్పుడూ కలిపేయం. కానీ తరగతిలో నిలబడగానే నాలుగింటికీ ఒకటే జవాబు ఇస్తాం: “ఐ కాంట్ రీడ్.” విన్నవారికి “వీడికి చదవడమే రాదు” అనిపించవచ్చు.

వెనక బెంచీలో కూర్చున్న పిల్లకు బోర్డు మసకగా కనిపిస్తోందనుకుందాం. ఆమె “ఐ కాంట్ రీడ్” అంటే టీచరుగారు అక్షరాలు నేర్పాలనుకుంటారు. “ఐ యామ్ హావింగ్ ట్రబుల్ సీయింగ్ ద బోర్డ్” అంటే ముందు బెంచీకి రమ్మంటారు, కళ్లు చూపించమని ఇంటికి చెబుతారు. ఏడాది మధ్యలో బదిలీ అయి వచ్చిన అబ్బాయి “ఐ డోంట్ నో” అని ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. “ఐ జాయిన్డ్ లేట్. ఐ యామ్ హావింగ్ ట్రబుల్ విత్ ద సెకండ్ చాప్టర్” అంటే ఏ పాఠం దగ్గర ఆగిపోయాడో తెలుస్తుంది. ఎక్కడ ఆగామో చెబితేనే అక్కడి నుంచి చేయి పట్టుకుని నడిపించగలరు.

రెండు చిన్న జాగ్రత్తలు

‘హార్డ్’ అంటే కష్టం కదా అని “హి వర్క్స్ హార్డ్‌లీ” అనకూడదు. ‘హార్డ్‌లీ’ అంటే దాదాపు లేదని అర్థం. “ఐ కెన్ హార్డ్‌లీ హియర్ యు” అంటే “మీ మాట నాకు దాదాపు వినపడటం లేదు.” కష్టపడి పనిచేస్తాడు అనాలంటే “హి వర్క్స్ హార్డ్” చాలు.

రెండోది, మన పెద్దవాళ్లు “కొంచెం కష్టమండీ” అన్నారంటే చాలాసార్లు “కుదరదు” అని మర్యాదగా చెప్పడమే. ఇంగ్లీషులోనూ “దట్ మైట్ బి డిఫికల్ట్” అంటే తరచు అదే భావం. అందుకని పాఠం గురించి మాట్లాడేటప్పుడు వెంటనే “కెన్ యు ప్లీజ్ హెల్ప్ మి?” అని కూడా జోడిస్తే మనం వద్దనడం లేదని, సాయం అడుగుతున్నామని తెలుస్తుంది.

వాళ్లకూ కష్టమే!

ఇంగ్లీషువారికి తెలుగు నేర్చుకునేటప్పుడు ఇదే చిక్కు తలకిందులుగా ఎదురవుతుంది. ‘ఐ నో’ అనే అలవాటును మార్చుకుని ‘నాకు తెలుసు’ అనాలి. అయినా నేర్చుకున్నవారు ఉన్నారు. మన గార్డెన్ రీచ్ పక్కగా పారే హుగ్లీ నది ఎగువ ఒడ్డున ఉన్న శ్రీరాంపూర్‌లో విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది. 1798లో ఈ కలకత్తాలోనే పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నారు. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ప్రచురించారు. వాళ్లు మన ‘నాకు’ను నేర్చుకోగలిగినప్పుడు, వాళ్ల ‘ఐ ఫైండ్ ఇట్’ మనకూ వస్తుంది.

సాధన

కింది వాక్యాలను ముందు మీరే ఇంగ్లీషులో చెప్పి, తర్వాత జవాబులు చూడండి.

1. పొద్దున్నే లేవడం నాకు కష్టం.
2. నాకు వెనక బెంచీలోకి మీ మాట సరిగా వినపడటం లేదు.
3. భిన్నాలు నాకు కష్టంగా ఉన్నాయి.
4. నాకు బెంగాలీ రాయడం రాదు.

జవాబులు: 1. ఐ ఫైండ్ ఇట్ డిఫికల్ట్ టు గెట్ అప్ ఎర్లీ. 2. ఐ యామ్ హావింగ్ ట్రబుల్ హియరింగ్ యు ఫ్రమ్ ద లాస్ట్ బెంచ్. 3. ఐ ఫైండ్ ఫ్రాక్షన్స్ డిఫికల్ట్. 4. ఐ డోంట్ నో హౌ టు రైట్ బెంగాలీ.

నాలుగోది గమనించారా? అక్కడ ఉన్నది కష్టం కాదు, ఇంకా నేర్చుకోకపోవడం. ఈ తేడా తెలిస్తే పాఠం సగం వచ్చినట్టే. ఇవాళ రాత్రి మనకు నిజంగా కష్టంగా ఉన్న మూడు విషయాలను ఈ పద్ధతుల్లో నోటు పుస్తకంలో రాసుకుందాం. రేపు వాటిలో ఒక్కటైనా టీచరుగారికి చెబుదాం.