ముందు అద్దానికి రాయి తగిలితే: అతికించాలా, మార్చాలా?

హైవే మీద ముందు పోతున్న లారీ టైరు కింద నుంచి కంకర రాయి ఎగిరొచ్చి కారు ముందు అద్దానికి 'టక్'మని తగలడం మన ఇళ్ళల్లో ఎవరికో ఒకరికి జరిగే ఉంటుంది. దిగి చూస్తే పెసరగింజంత గుంట. అద్దం మాత్రం నిలబడే ఉంటుంది. "ఏం కాలేదులే" అని మళ్ళీ బండెక్కేస్తాం. ఆ గుంటని ఏం చేయాలన్నదే ఈ వ్యాసం. నేను చదివేది సీఎస్‌ఈ, గాజు గురించి మా సిలబస్‌లో ఒక్క పేజీ కూడా లేదు. కానీ ఈ వేసవిలో మా ఇంట్లో ఈ ప్రశ్న నిజంగానే వచ్చింది కాబట్టి కూర్చుని చదివాను.

ముందు ఒక సంగతి. కారు చుట్టూ ఉన్న అద్దాలన్నీ ఒకటే రకం కాదు. పక్క తలుపుల అద్దాలు చాలా కార్లలో టఫెన్డ్ గాజు. అంటే గాజుని ఎర్రగా కాల్చి, గాలి కొట్టి పైభాగాన్ని గబుక్కున చల్లారుస్తారు. పైపొర ముందే గట్టిపడిపోతుంది, లోపలిది తర్వాత చల్లారుతూ కుంచించుకుపోయి పైపొరని లోపలికి లాగి పట్టుకుంటుంది. అందుకే అది మామూలు గాజు కన్నా గట్టిది. కానీ పగిలిందంటే ఒక్కసారిగా పటికబెల్లం ముక్కల్లా రాలిపోతుంది. దానికి రిపేరు అనే మాటే లేదు, మార్చడమే.

ముందు అద్దం అలా కాదు. అది లామినేటెడ్. రెండు పల్చటి గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది, మందం మామూలుగా 0.76 మిల్లీమీటర్లు. పాలీవినైల్ బ్యూటిరాల్ దాని పూర్తి పేరు. శాండ్‌విచ్ అనుకోండి, లేకపోతే మన బొబ్బట్టు అనుకోండి, పూర్ణం ఆ ప్లాస్టిక్. గాజు పగిలినా ముక్కలు ఆ పొరకే అతుక్కుని ఉంటాయి, మన కళ్ళల్లో పడవు. ఈ ఆలోచన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వార్డ్ బెనెడిక్టస్‌ది. 1903లో ఆయన ల్యాబ్‌లో ఒక గాజు ఫ్లాస్కు కింద పడి, పగిలి కూడా ముక్కలు చెదరలేదట. లోపల ఎప్పుడో ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టుకుంది. 1909లో పేటెంట్ తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్యాస్ మాస్కుల కళ్ళద్దాలకి వాడారు, కార్లలోకి బాగా వచ్చింది ఆ తర్వాతే. రాయి దెబ్బకి సాధారణంగా పగిలేది బయటి పలక ఒక్కటే. లోపలి పలక, ప్లాస్టిక్ పొర బాగానే ఉంటాయి. అసలు రిపేరు అనేది సాధ్యమయ్యేది ఈ ఒక్క కారణం వల్లే.

ఇంతకీ క్రాక్‌ని తెలుగులో ఏమనాలి? ఇంగ్లీష్ మీడియం వాణ్ణి, నాకు 'పగులు' ఒక్కటే తెలుసు. మా నాన్నమ్మని అడిగితే వరసగా చెప్పేసింది: గోడకి బీట, ఎండిన పొలానికి నెర్రె, మడమకి పగులు, కర్రకి చీలిక. మరి అద్దానికో అంటే "అద్దం పగిల్తే పారేస్తాం, దానికి పేరెందుకురా" అంది. నేనైతే ఇక్కడ రాయి తగిలిన చోటుని గుంట అని, అక్కడి నుంచి పాకే గీతని బీట అని అంటాను.

గుంట ఎందుకు బీట అవుతుంది? ఈ ప్రశ్నకి 1920లో గ్రిఫిత్ అనే బ్రిటిష్ ఇంజనీరు జవాబిచ్చాడు. గాజు బలహీనమైనది కాదు, దాని మీదున్న సన్నటి గాట్లు దాన్ని బలహీనం చేస్తాయి. గాటు కొనలో ఒత్తిడి పోగుపడుతుంది. గాటు ఎంత లోతుగా ఉంటే అంత తక్కువ బలానికే తెగుతుంది. మనం ఇంజనీరింగ్ కాబట్టి ఒక లెక్క వేసుకుందాం. మామూలు సోడా లైమ్ గాజు ఫ్రాక్చర్ టఫ్‌నెస్ సుమారు 0.75 మెగాపాస్కల్ రూట్ మీటర్. ఈ విలువ పెట్టి చూస్తే 0.1 మిల్లీమీటరు లోతు గాటున్న గాజు దాదాపు 38 మెగాపాస్కల్ లాగుడు వరకు తట్టుకుంటుంది. అదే గాటు 1 మిల్లీమీటరు లోతుంటే 12 దగ్గరే తెగుతుంది. ఇప్పుడు వేడి సంగతి. గాజు సాగకుండా చుట్టూ బిగించి ఉంటే, ఉష్ణోగ్రతలో ప్రతి ఒక్క డిగ్రీ తేడాకీ సుమారు 0.8 మెగాపాస్కల్ ఒత్తిడి పుడుతుంది. అంటే 1 మిల్లీమీటరు గుంట ఉన్న అద్దానికి 15 డిగ్రీల తేడా చాలు! నిజం కారులో అద్దం పూర్తిగా బిగించి ఉండదు, కాబట్టి ఇది చెడ్డ పక్షం లెక్క. అయినా మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఎండలో ఆపిన కారు అద్దం మీద చన్నీళ్ళ బకెట్ పోయడం, లేదా ఎక్కీ ఎక్కగానే ఏసీ ఫుల్‌లో పెట్టి గాలి అద్దం మీదకి తిప్పడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకో దొంగ ఉన్నాడు, తేమ. బీట కొన దగ్గర గాజులోని సిలికాన్, ఆక్సిజన్ బంధాల్ని నీటి ఆవిరి మెల్లగా తెంపుతుంది. అందుకే ఏ దెబ్బా తగలకుండానే, రాత్రి చిన్నగా ఉన్నది పొద్దున్నకి జానెడు అయిపోతుంది.

మా బాబాయి కారుకి అచ్చం ఇలాగే అయింది. ఏలూరు దగ్గర రాయి తగిలింది. ఆయన ఆ కారులోనే పదిహేను రోజులకోసారి నాన్నమ్మని విజయవాడ గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. "రూపాయి బిళ్ళంత కూడా లేదు కదరా" అని మూడు వారాలు వదిలేశాడు. తర్వాత ఒక మధ్యాహ్నం ఏసీ వేయగానే అది డ్రైవరు వైపుకి అడుగు పొడవు సాగింది.

ఆ మూడు వారాల్లో చేసి ఉంటే రిపేరుతో పోయేది. రిపేరు అంటే ఏంటో చెప్తా. గుంటలో ఉన్న గాజు పొడి, తడి తీసేస్తారు. పైన ఒక చిన్న పరికరం బిగించి లోపలి గాలి లాగేసి, ఆ ఖాళీలోకి పల్చటి రెజిన్ ఎక్కిస్తారు. తర్వాత అల్ట్రావయొలెట్ లైటు పెడితే రెజిన్ గట్టిపడుతుంది. పైన మిగిలింది బ్లేడుతో గీకి పాలిష్ చేస్తారు. రెజిన్ వక్రీభవన గుణకం గాజుకి దగ్గరగా ఉండేలా తయారుచేస్తారు కాబట్టి కాంతి అక్కడ పెద్దగా వంగదు, మచ్చ లీలగా మాత్రమే కనిపిస్తుంది. పూర్తిగా మాయం అవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. పని నీడలో చేయించండి, ఎండలోనూ అల్ట్రావయొలెట్ ఉంటుంది కదా, రెజిన్ మూలలకి చేరకముందే గడ్డకట్టేస్తుంది. షాపుకి వెళ్ళేదాకా గుంట మీద పారదర్శకమైన టేపు ముక్క అంటించండి, దుమ్మూ తడీ పోకుండా. ఫెవిక్విక్ మాత్రం పోయకండి ప్లీజ్. అది లోపల దారులు మూసేస్తుంది, ఆ తర్వాత రెజిన్ ఎక్కదు.

ఇక ఎప్పుడు మార్చాలి? బీట అద్దం అంచుని తాకితే మార్చాల్సిందే, ఒత్తిడి ఎక్కువుండేది అంచుల్లోనే. లోపలి పలక కూడా పగిలితే మార్చాలి. డ్రైవరు కళ్ళకి ఎదురుగా ఉంటే కూడా మార్చడమే మంచిది, ఎందుకంటే రాత్రి ఎదుటి లైట్లు ఆ మచ్చ మీద పడి చెదురుతాయి. బ్రిటన్‌లో ఏటా చేసే ఎంఓటీ పరీక్షకి దీనికో కొలత ఉంది. స్టీరింగ్‌కి ఎదురుగా 290 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలో 10 మిల్లీమీటర్లకి మించిన దెబ్బ, వైపర్లు తుడిచే మిగతా భాగంలో 40కి మించిన దెబ్బ ఉంటే ఫెయిల్. ఆ కొలత మన కార్లకీ పెట్టుకుంటే తప్పేం లేదు.

బాబాయి కారుకి మార్చడమే దిక్కయింది. ఆటోనగర్‌లో ఒక షాపుకి నేనూ వెళ్ళాను. పాత అద్దాన్ని సన్నటి తీగతో కోసి తీశారు, చట్రం మీద ప్రైమరు పూసి, నల్లటి పాలీయురేథేన్ గమ్ము గీతలా వేసి కొత్తది కూర్చోబెట్టారు. చూడ్డానికి సరదాగానే ఉంది. అయిపోగానే "అరగంటలో తీసుకెళ్ళిపోవచ్చు సార్" అన్నాడు మెకానిక్. మర్నాడు నాన్నమ్మ అపాయింట్‌మెంట్, రాత్రికే ఊరు చేరాలని బాబాయి తొందర. "అన్నా, ఒక్కసారి ఆ ట్యూబు మీద టైమ్ ఎంతుందో చూపించవా?" అని అడిగాను. అతను తిప్పి చూశాడు. నాలుగు గంటలు.

ఆ నాలుగు గంటలు ఎందుకంటే, ముందు అద్దం గాలి ఆపే తెర మాత్రమే కాదు. కారు బోల్తా పడితే పైకప్పు నలగకుండా మోసేవాటిలో అదీ ఒకటి. పైగా చాలా కార్లలో ముందు ఎడమ సీటు ఎయిర్‌బ్యాగ్ డాష్‌బోర్డు నుంచి పైకి లేచి, అద్దానికి ఆనుకుని, అప్పుడు మనిషి వైపు తిరుగుతుంది. గమ్ము ఆరకపోతే ఆ తోపుకి అద్దమే ఊడిపోతుంది, ఎయిర్‌బ్యాగ్‌కి ఆనుడు ఉండదు. ఆ సీట్లో కూర్చునేది నాన్నమ్మ. బాబాయికి ఇది చెప్పాక ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళి టీ తాగొచ్చాడు, ఆ తర్వాత ఇంకో మూడు టీలు కూడా. పొద్దున తెల్లారకముందే బయల్దేరి ఆమెని తీసుకొచ్చాం. ఈ గమ్ము గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, కాబట్టి మన కోస్తా ఉక్కపోతకి కూడా ఒక ఉపయోగం ఉందన్నమాట. మొదటి రోజు తలుపులు ధడాలున వేయకూడదు, ఒక కిటికీ కాస్త దించి ఉంచాలి, లేకపోతే లోపలి గాలి ఒత్తిడి పచ్చి గమ్ముని తోసేస్తుంది. అద్దం వెనక కెమెరా ఉన్న కొత్త కార్లయితే మార్చాక దాన్ని మళ్ళీ క్యాలిబ్రేట్ చేయించాలి.

డబ్బు సంగతి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే అద్దానికి పైసా రాదు. కాంప్రెహెన్సివ్ ఉంటే వస్తుంది, ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి కోసినట్టు గాజుకి తరుగుదల కోయరు. కానీ 1500 సీసీ లోపు సొంత కారుకి మొదటి 1000 రూపాయలు మనమే పెట్టుకోవాలి, పైగా క్లెయిమ్ చేస్తే మామూలుగా నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది 50 శాతం దాకా ఉండొచ్చు. అందుకే చిన్న రిపేరుకి క్లెయిమ్ వేయడం నష్టం. పెద్ద అద్దానికైతే వచ్చే ఏడాది ప్రీమియంలో ఎంత పోతుందో ముందు లెక్క చూసుకుని వేయండి.

కొత్త అద్దం బిగించకముందే కింది మూల చూడండి. తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే నంబరు చెరగని అచ్చులో ఉండాలి, లామినేటెడ్ అని కూడా చాలావాటి మీద ఉంటుంది. స్టిక్కరు అంటించి ఉంటే లెక్కలోకి రాదు. గమ్ము పూర్తిగా ఆరాక అంచుల వెంబడి మెల్లగా నీళ్ళు పోసి, లోపల డాష్‌బోర్డు మూలల్లో చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే వానాకాలం రాకముందే బండిని తిరిగి తీసుకెళ్ళండి.