సున్నా కూడా లెక్కే: మేడ మీద విశ్వకిరణాలు



ఈ పేజీ చదువుతూ మనం అరచేతిని బోర్లా చాపితే, ఒక్క నిమిషంలో దాని గుండా వందకు అటూఇటుగా కణాలు దూసుకుపోతాయి. నొప్పి ఉండదు, వెలుగు ఉండదు. వీటిని లెక్కించడానికి పెద్ద ప్రయోగశాలే కావాలా? అక్కర్లేదు. మన హాస్టల్ మేడ, రెండు గొట్టాలు, ఒక నోటుబుక్కు, కొంచెం ఓపిక చాలు.

విశ్వకిరణాలు అంటే ఏమిటి?

1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ బెలూన్‌లో సుమారు 5,300 మీటర్ల ఎత్తుకు వెళ్లి, పైకి పోయేకొద్దీ వికిరణం పెరుగుతోందని కొలిచి చూపాడు. అంటే అది భూమి నుంచి కాదు, పైనుంచి వస్తోంది. ఈ పనికి ఆయనకు 1936లో నోబెల్ బహుమతి వచ్చింది.

అంతరిక్షం నుంచి వచ్చే ఈ కిరణాల్లో అధికభాగం ప్రోటాన్లే. అవి గాలిలోని నత్రజని, ఆక్సిజన్ కేంద్రకాలను ఢీకొన్నప్పుడు పయాన్లు, వాటి నుంచి మ్యూయాన్లు పుడతాయి. మ్యూయాన్ సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల వంతుకు 2.2 రెట్లు మాత్రమే. కాంతి వేగంతో పోయినా ఆ కాలంలో అది 660 మీటర్లు దాటకూడదు. కానీ సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టి మన మేడ దాకా వస్తోంది. అంత వేగంతో పోయే కణానికి కాలం నెమ్మదిగా గడుస్తుందన్న ఐన్‌స్టీన్ మాటకు ఇదే సాక్ష్యం.

మన జిల్లాలకూ దీనికీ సంబంధం ఉంది. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి ఎగిరిన పరికరాలు పడే అవకాశమున్న జిల్లాల జాబితాలో ఆదిలాబాద్, కరీంనగర్ పేర్లు కూడా ఉండేవి. "పరికరం కనబడితే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి" అన్న ప్రకటనలు పెద్దలకు గుర్తుండవచ్చు. హైదరాబాద్ భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. అందువల్ల తక్కువ శక్తి గల కణాలను భూమి అయస్కాంత క్షేత్రమే పక్కకు మళ్లిస్తుంది. ఆ పరిశోధనలకు ఇది అనుకూలం.

పరికరం కట్టే విధానం

సుమారు 10 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. మందం గల గైగర్-ముల్లర్ గొట్టాలు రెండు తీసుకుందాం. ఒక్క గొట్టంతో పని జరగదు. గోడలు, నేల, మన కరీంనగర్ గ్రానైట్ రాయి, వీటన్నిటిలో స్వల్పంగా రేడియోధార్మికత ఉంటుంది. ఒంటరి గొట్టం వాటినీ లెక్కిస్తుంది.

అందుకే రెండింటినీ ఒకదానిపై ఒకటి 5 సెం.మీ. ఎడంతో చెక్క చట్రంలో అడ్డంగా బిగించాలి. రెండూ ఒకే క్షణంలో స్పందిస్తేనే లెక్క. గోడలోంచి వచ్చే గామా కిరణం రెండింటినీ ఒకేసారి తాకడం అరుదు. మ్యూయాన్ మాత్రం రెండింటినీ చీల్చుకుపోతుంది. ఇందుకు ఇంటర్‌లో చదివే అండ్ గేటే ఆధారం. రెండు గొట్టాల స్పందనలను అండ్ గేటుకు ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని 555 టైమర్‌తో కాస్త సాగదీసి, బజరు మోగేలా చేయాలి.

హెచ్చరిక: ఈ గొట్టాలకు సుమారు 400 వోల్టులు కావాలి. బ్యాటరీతో నడిచే తయారు బోర్డునే వాడాలి. సైన్సు సారు దగ్గర లేకుండా మూత తీయరాదు.

నమోదు చేసే పద్ధతి

నోటుబుక్కులో గడులు గీద్దాం: తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, లెక్క, గొట్టాల వాలు, వాతావరణం, రాసినవారి పేరు. బ్యాటరీ ఆగితే ఆగిన నిమిషం కూడా రాయాలి. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుంటే మెస్ గంట మోగినా పని ఆగదు.

ఇంత చిన్న పరికరానికి నిమిషానికి ఒకటి చొప్పున అటూఇటుగా వస్తాయి. గంటకు 64 వచ్చాయనుకుందాం. దాని వర్గమూలం 8. అంటే మరుసటి గంటలో 56 వచ్చినా, 72 వచ్చినా ఆశ్చర్యం లేదు. 100 లెక్కకు నూటికి పది తేడా సహజం. 10,000 లెక్కకు నూటికి ఒకటే. నమ్మకం కావాలంటే ఎక్కువ రోజులు కూర్చోవాలి, అంతే.

తర్వాత చట్రాన్ని నిలువు నుంచి 60 డిగ్రీలు వాల్చి చూద్దాం. లెక్క సుమారు నాలుగో వంతుకు పడిపోవాలి. వాలుగా వచ్చే మ్యూయాన్ ఎక్కువ గాలిని దాటాలి గనుక చాలా వరకు దారిలోనే ఆగిపోతాయి. మనకు నాలుగో వంతు రాకపోతే? వచ్చిందే రాయాలి. పుస్తకంలో ఉన్న జవాబు కోసం అంకె దిద్దితే అది ప్రయోగం కాదు, కాపీ.

కోలార్ చెప్పిన పాఠం

గోదావరిఖని, మందమర్రి బొగ్గుబాయిల్లో పనిచేసే మన నాయినలకు నెత్తిమీద రాయి అంటే ఏమిటో తెలుసు. మ్యూయాన్లనూ ఆ రాయే ఆపుతుంది. లోతుకు పోయేకొద్దీ లెక్క తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో చూడడానికి 1960 దశకం మొదట్లో వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి, జపాన్ శాస్త్రవేత్త మియాకె కలిసి కోలార్ బంగారు గనుల్లోకి దిగారు. అవి కర్ణాటకలో, చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరలో ఉన్నాయి. రెండున్నర కిలోమీటర్లకు పైగా లోతున్న చోట సుమారు రెండు నెలలు పరికరం నడిపితే వచ్చిన లెక్క సున్నా.

వారు ఆ సున్నాను దాచలేదు. మ్యూయాన్లు కూడా రాని చోట న్యూట్రినోలను వెతకవచ్చని ఆ సున్నాయే చెప్పింది. 1965లో అదే గనుల్లో, భారత, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తల బృందం వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల ఆనవాళ్లను పట్టుకుంది. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో మరో బృందం కూడా పట్టుకుంది. ప్రపంచంలో అవే మొదటివి.

మిత్రులారా, మన హాస్టళ్లలో చాలామంది తక్కువ అంకె వస్తే నోటుబుక్కు దాచేస్తారు. మార్కుల సంగతి ఎలా ఉన్నా, ప్రయోగంలో నిజాయితీగా రాసిన ఏ అంకె కూడా సిగ్గుపడాల్సింది కాదు. ఒక బ్యాచ్ వేసవి లెక్క రాస్తే, తర్వాతి బ్యాచ్ వానాకాలం లెక్క రాయవచ్చు. కాబట్టి టి.సి. తీసుకుని వెళ్లే రోజున ఆ నోటుబుక్కును మాత్రం వెంట తీసుకుపోకుండా తమ్ముళ్ల చేతిలో పెట్టి వెళ్దాం.